ఎదురంగడి బోణీ

జానీబీకి ఆ నవ్వంటే ఒళ్ళు మంట. రోడ్డుకు అవతల, సరిగ్గా తన అంగడికి ఎదురుగా నిలబడి, ఎవరిదో ఇంత లావు గిన్నె చేతిలో పట్టుకుని, "శానా పెద్ద గిన్నె తెచ్చినావు గదప్పా, దీన్ని నింపాలంటే నా బాణలి మొత్తం వంచాల్సిందే" అని మాబున్ని నవ్వుతుంది. గిన్నె తెచ్చినవాడూ నవ్వుతాడు. వెనక నిలబడినవాళ్ళూ నవ్వుతారు. అంత నవ్వెందుకో చెప్పండి? ఉగ్గాని కొనడానికి వచ్చినవాళ్ళు కొనుక్కుని పోక, తెల్లారగానే ఈ ఇకఇకలూ పకపకలూ ఏమిటి?

జానీబీ గరిటెను బాణలి అంచుకు ఠంగుమని కొట్టేది. ఆ చప్పుడు రోడ్డు దాటి అవతలికి వినపడాలని ఆమె ఆశ. మధ్యలో జమ్మలమడుగు బస్సులు, ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే ఎవరికి వినపడుతుంది? తన చెవులే గింగురుమనేవి.

ప్రొద్దుటూరులో ఆ రోడ్డు మీద ఉగ్గాని అంటే ఒకప్పుడు జానీబీ ఉగ్గానే. నానబెట్టి పిండిన బొరుగులను తిరగమాతలో కలిపి, పైన పప్పులపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తే బంగారు పనివాళ్ళు, బట్టలంగడి గుమాస్తాలు, కాలేజీ పిల్లలు నిలబడే తినిపోయేవాళ్ళు. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు, మెట్టినిల్లు ప్రొద్దుటూరు. మొగుడు జిలానీ ఆ రెండూళ్ళ మధ్యే ఆటో తోలుతాడు. ఆటో సంపాదన ఆటోకే సరిపోతుంది కాబట్టి ఇల్లు నడిచింది ఈమె బాణలి మీదే. ఆ సంగతి జానీబీకి బాగా తెలుసు, ఊళ్ళో అందరికీ తెలియాలని కూడా ఆమెకు ఉంటుంది.

ఇక మాబున్ని ఎవరయ్యా అంటే, ఒకప్పుడు జానీబీ అంగట్లో ప్లేట్లు కడిగిన పిల్ల. పొద్దున వచ్చి రెండు టబ్బుల ముందు కూర్చుంటే గిరాకీ అయిపోయేదాకా లేచేది కాదు. తరువాత కవర్లు వచ్చాయి. స్టీలు ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద టిఫిన్ పెట్టి ఇవ్వడం. తిన్నాక కవరు లాగి పారేస్తే ప్లేటుకు తడి కూడా అంటదు. కడిగే పని లేదు, నీళ్ళ బాధ లేదు. జానీబీకి అది ఎంత నచ్చిందంటే, మర్నాడే మాబున్నిని పిలిచి, "రేపటి నుంచి రావద్దులే మే, కవర్లు వచ్చినాయి గదా" అని ఒక్క మాటతో పంపించేసింది. ఆ పిల్ల కొంగుకు చేతులు తుడుచుకుని, "సరే అక్కా" అని పోయింది.

అట్లా పోయిన మనిషి ఏ కువైటుకో పోతుంది, ఏ ఇంట్లోనో పనికి కుదురుతుంది అనుకుంటాం. మాబున్ని అలా చేయలేదు. కొన్నేళ్ళు వాళ్ళింట్లో వీళ్ళింట్లో వంట చేసి, చేసి, సరిగ్గా ఎదురుగా వచ్చి అంగడి పెట్టింది. అదే ఉగ్గాని, అవే బజ్జీలు. కవర్లు మాత్రం లేవు. స్టీలు ప్లేట్లే, కడిగిన ప్లేట్లే. ఇంటికి తీసుకుపోవాలంటే గిన్నె తెచ్చుకోవాలి, గిన్నె తెచ్చుకున్నవాళ్ళకు కొసరు బజ్జీ.

మొదట్లో జానీబీ కడుపారా నవ్వుకుంది. "ఈ కాలంలో టిఫిన్‌కు గిన్నె ఎవడు మోసుకొస్తాడు? దానికి మతి పోయినట్టుండాది" అని జిలానీతో చెప్పి మరీ నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ముందు వెనక వీధిలో కుట్టుపని చేసే ఆయన టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ వచ్చాడు. తరువాత టీచరమ్మ ఒకామె. తరువాత ట్యూషన్‌కు పోయే పిల్లలు తమ లంచ్ బాక్సులు. కొసరు అంటే మన జనానికి ఎంత ప్రాణమో కొత్తగా చెప్పాలా? ఒక్క బజ్జీ కోసం ఇంట్లో అటకమీది గిన్నెలన్నీ కిందికి దిగాయి. పొద్దున్నే ఆ రోడ్డు మీద చూస్తే, ఊరంతా పాలకు పోతున్నట్టు ఎవరి చేతిలో చూసినా గిన్నెలే.

అందరూ పోనీ. గిరాకీ అన్నాక వస్తుంది, పోతుంది, జానీబీకి అది తెలియంది కాదు. కానీ తిరుపాల్ మామ పోవడం మాత్రం ఆమె తట్టుకోలేకపోయింది.

తిరుపాల్ ఊరి బయట బర్రెల్ని పెట్టుకున్న మనిషి. తెల్లవారుజామునే మోపెడ్‌కు పాల క్యాన్లు తగిలించుకుని వచ్చి హోటళ్ళకు పోసి, మొదటి వాయి ఉగ్గాని జానీబీ దగ్గర తినేవాడు. అతని చేతి బోణీ అంటే ఆమెకు గురి. అతని నోటు కళ్ళకద్దుకుని, బిస్మిల్లా అని డబ్బాలో వేసిన రోజు బాణలి అడుగు కనపడేదాకా గిరాకీ ఆగేది కాదని ఆమె నమ్మకం. మామకు జ్వరమొచ్చి రాని రోజుల్లో ఆమె చేయి కూడా ఆడేది కాదు. అట్లాంటి మనిషి ఒకరోజు మోపెడ్‌ను ఇటు ఆపలేదు. అటు ఆపాడు. మాబున్ని ఆ నోటును కళ్ళకద్దుకోవడం జానీబీ తన కళ్ళతో చూసింది.

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర సరిగ్గా లేదు, తిండి సరిగ్గా లేదు. "దాని చేతిలో ఏముండాది? నా దగ్గర నేర్చుకున్నదే గదా? నా తిరగమాతే గదా?" అని జిలానీని సతాయించేది. మాబున్ని పచ్చచీర కట్టుకుంటే పచ్చచీర మీద కుళ్ళు. మాబున్ని అంగడి ముందు నీళ్ళు చల్లితే ఆ తడి మీద కుళ్ళు. తన అంగడి ముందు దుమ్ము ఎక్కువనీ, దాని అంగడి ముందు నీడ ఎక్కువనీ ఏడుపు. నిజానికి నీడ రెండు వైపులా ఒకటే, పొద్దున ఇటు, సాయంత్రం అటు. ఓర్వలేని కళ్ళకు అవతలి నీడే పొడుగ్గా కనపడింది.

ఆ మంట మీద కిరసనాయిలు పోసింది పులివెందుల పెళ్ళి. జానీబీ చెల్లెలు బిస్మిల్లా బీని ఇచ్చింది పులివెందులలోనే. వాళ్ళ మరిది పెళ్ళికని పోతే, పందిట్లో ముక్కూ మొహం తెలియని ఒకామె దగ్గరికొచ్చి, "మీది ప్రొద్దుటూరంట గదా? గిన్నె తెచ్చుకోమనే ఆమె అంగడి యాడుండాది? శానా బాగుంటాదంట గదా" అని అడిగింది. జానీబీ చేతిలో బిర్యానీ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నాకు తెలీదు" అంది. తెలీదు అన్న మాట నోట్లోంచి వచ్చాక, ఆ బిర్యానీ గొంతు దిగితే ఒట్టు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పళ్ళు నూరుతూ నూరుతూ ఒక నిర్ణయానికి వచ్చింది. అది గిన్నె తెచ్చుకోమంటుందా? సరే. నేను గిన్నే ఇస్తాను.

మర్నాడే స్టీలు సామాన్ల అంగడికి పోయి మూతల డబ్బాలు బస్తాడు కొనేసింది. మన వైపు పెళ్ళి సామాన్ల మీద పేర్లు కొట్టిస్తారు చూడండి, అట్లా ప్రతి డబ్బా మీదా, ప్రతి మూత మీదా 'జానీబీ' అని మిషన్‌తో కొట్టించింది. "ఇన్ని డబ్బాలా! దుడ్లు ఎక్కువై కొంటివా?" అని జిలానీ నెత్తి కొట్టుకుంటే, "నీకు తెలీదు, నువ్వు ఊరకుండు" అంది. ఆ పొద్దు ఆమె మొహంలో కళ చూడాలి! పాత గిరాకీని పేరుపేరునా పిలిచి, "ఇంద, ఉంచుకోప్పా, డబ్బా నీకే, రోజూ దీన్నే పట్టుకుని రా" అని టిఫిన్‌తో సహా పంచింది. తిరుపాల్ మామ మోపెడ్‌కు అడ్డం పడి ఆపి, అతని చేతిలోనూ ఒకటి పెట్టింది. అతను ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, తీసుకుని పోయాడు.

ఒక రోజు గడిచింది. ఒకరిద్దరు వచ్చారు. ఆ మరుసటి రోజు పొద్దున, బజ్జీల పిండిలో చెయ్యి పెట్టి కలుపుతూ అవతలికి చూసింది కదా, మాబున్ని బల్ల మీద వరసగా తళతళలాడుతూ డబ్బాలు. కొత్త డబ్బాలు. అన్నీ తనవే. వాటిలో ఒకదాన్ని మాబున్ని ఎత్తి, ఉగ్గానితో నింపి, మూత పెట్టి తిరుపాల్ మామకు అందిస్తోంది. ఆ మూత మీద తన పేరు!

జానీబీ పిండి చేతులతోనే రోడ్డు మీదికి దిగింది. ఆటోవాడు బ్రేకేసి తిట్టినా వినపడలేదు.

"మామా, అది నా డబ్బా."

"నీదే అమ్మీ. ఎవరు కాదన్నారు? పేరు కూడా ఉండాది" అన్నాడు తిరుపాల్.

"నా డబ్బాలో దీని ఉగ్గాని యాల పెట్టించుకుంటాండావు? నా అంగడి కనపడలేదా? కండ్లు పోయినాయా?"

"అక్కా, మామను యాల అంటావు..." అని మాబున్ని మధ్యలో రాబోయింది.

"నువ్వు నోరు ముయ్యి! నా ప్లేట్లు కడిగినదానివి! నా ఎదురుగానే అంగడి పెట్టి నా గిరాకీ లాగతాండావు, సిగ్గు లేదా నీకు?"

అంతమందిలో అనకూడని మాట. తింటున్నవాళ్ళు నమలడం ఆపారు. మాబున్ని మొహం ఎర్రబడింది కానీ గొంతు లేవలేదు. "కడిగినానక్కా. ఇప్పుడూ కడుగుతాండా" అంది. అని, చేతిలో ఉన్న ప్లేటును టబ్బులో ముంచింది.

తిరుపాల్ డబ్బాను బల్ల మీద పెట్టి నిదానంగా చెప్పాడు. "నువ్వు ఇంత ప్రేమగా ఇస్తివి గదాని, ఇచ్చిన పొద్దు డబ్బా ఇంటికి తీసుకపోయి మూత తీస్తినమ్మీ. లోపల ఏముండాది? కవరు! ఉగ్గాని ఒక కవర్లో, చట్నీ ఒక కవర్లో, బజ్జీలు ఇంకో కవర్లో. స్టీలు డబ్బా యాలమ్మీ మాకు, కవర్లు దాచిపెట్టుకోనీకా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత అందరూ నవ్వారు.

"డబ్బాకు నూనె అంటకూడదని కవర్లో కట్టి పెడితిని మామా. కొత్త డబ్బా గదా, కడగనీకి మీకు కష్టమని..." అని జానీబీ నసిగింది. నిజంగానే ఆమె మర్యాద అనుకునే పెట్టింది. ప్లేటు మీద కవరు పరిచీ పరిచీ, డబ్బాలో కూడా కవరు లేకుండా పెట్టొచ్చని ఆమె బుర్రకు తట్టనే లేదు.

"కడుక్కుంటాం గదమ్మే. చేతులు లేవా మాకు?" అని, తిరుపాల్ గొంతు తగ్గించాడు. "పోయిన ఎండాకాలం నా బర్రె ఒకటి చచ్చిపాయ. చూడి బర్రె. మేత ముట్టదు, నెమరెయ్యదు, కడుపు ఉబ్బిపాయ. చచ్చినాక కోసి చూస్తే లోపల కవర్లు, ముద్దలు ముద్దలు. చట్నీ వాసనకు కవరుతో సహా మింగేస్తాయి గదా, నోరులేనివి. అవి ఎవరి కవర్లో నాకేం తెల్సు? అన్నీ ఒకటే రంగు. నిన్ను అనేది లేదమ్మీ. కానీ ఆ పొద్దు నుంచి కవరు మీద పెట్టింది నాకు గొంతు దిగదు. చెప్తే బాధపడతావని చెప్పలేదు."

జానీబీ వెనక్కి వచ్చేసరికి బాణలిలో బజ్జీలు బొగ్గులై ఉన్నాయి.

ఇంటికి పోయి పడుకుంది. బర్రె సంగతి తలచుకుంటే పాపం అనిపించింది, అనిపించలేదని అనను. కానీ ఆమె గుండెలో కలుక్కుమంటున్నది వేరే. చెప్తే బాధపడతావని తనకు చెప్పలేదు, సరే. మాబున్నికి చెప్పాడు కదా! మామ ఆ మాట చెబుతున్నప్పుడు మాబున్ని ఆశ్చర్యపోలేదు, ముందే తెలిసినట్టు తల దించుకుంది. అన్నేళ్ళు తన అంగట్లో తిన్న మనిషి, పోయి దానికి కష్టం చెప్పుకున్నాడు. గిరాకీ పోవడం కంటే ఇదే ఎక్కువ కోసింది.

"కవర్లు మానేయరాదా?" అన్నాడు జిలానీ.

"మానేస్తే దాన్ని చూసి మానేసినట్టు కాదా?"

"బర్రెను చూసి మానేసినట్టు అనుకో."

జానీబీ అటు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి మాత్రం ఆమె తలలో ఇంకో ఆలోచన మొలిచింది. మంచి బుద్ధి పుట్టిందని మీరు అనుకోవద్దు, కుళ్ళే. దాని దగ్గర లేనిది తన దగ్గర ఉండాలి, అంతే. చెల్లెలికి ఫోన్ చేసింది. బిస్మిల్లా బీ వాళ్ళకు పులివెందులలో అరటి తోట. గెల కోసిన చెట్టును నరికి పడేస్తారు, ఆకులు ఊరికే ఎండిపోతాయి. "ఆ ఆకులు కట్టలు కట్టి బస్సులో వేయించమ్మీ" అంది.

కవర్ల కట్టలు తీసి అటక మీదికి విసిరేసింది. ప్లేటు మీద అరిటాకు ముక్క, దాని మీద పొగలు కక్కే ఉగ్గాని. వేడికి ఆకు మగ్గి కమ్మటి వాసన వేస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. డబ్బాలు తెచ్చినవాళ్ళకు డబ్బాలోనే వడ్డించింది, చట్నీకి మూతలే వాడుకోమంది. ఏమీ తేనివాళ్ళకు ఆకు పొట్లం. ప్లేట్లు తనే కడిగింది. సబ్బుపొడికి వేళ్ళ చివర్లు తెల్లగా నాని, మిరపకాయలు కోస్తే భగభగ మండాయి. ఇంత పని ఆ పిల్ల రోజూ ఎట్లా చేసేదో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనను అక్కడే నొక్కేసింది.

"ఏంది జానీబీ, నువ్వు కూడా మాబున్ని మాదిరి అయితివే" అన్నాడొకడు నవ్వుతూ.

"మాబున్ని దగ్గర అరిటాకు ఉండాదా?" అని కయ్యిమంది.

గిరాకీ కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. తిరుపాల్ మామ మాత్రం రాలేదు. మోపెడ్ రోజూ అటే ఆగేది. జానీబీ రోజూ చూసేది, రోజూ ఉడికిపోయేది. ఒకరోజు అతనే రోడ్డు దాటి వచ్చాడు, ఆమె వైపు చూడకుండా, అంగడి పక్కన గంపలో పడేసిన ఎంగిలాకుల వైపు చూస్తూ.

"ఈ ఆకులు ఏం చేస్తాండావమ్మే?"

"ఏం చేస్తా మామా, పారేస్తాండా."

"పారేయొద్దు. బర్రెలకేస్తా, ఇష్టంగా తింటాయి. రేపు పొద్దున వచ్చి ఎత్తుకపోతా. వచ్చినప్పుడు టిఫిన్ కూడా ఈడే తింటాలే."

ఆ రాత్రి ఆమె ఆనందం చూడాలి! జిలానీకి రెండు గుడ్లు ఎక్కువ వేసి పెట్టింది. పొద్దున ఎవరూ లేవకముందే లేచి అంగడి ముందు కళ్ళాపి చల్లింది, మంచి ఆకు ఒకటి ఏరి పక్కన పెట్టింది. మోపెడ్ చప్పుడు వినపడింది. మోపెడ్ ఇటు తిరిగింది. ఇటే ఆగింది. తిరుపాల్ జేబులోంచి నోటు తీసి ఇచ్చాడు. జానీబీ దాన్ని కళ్ళకద్దుకుంది, చాలాసేపు అద్దుకుంది, ఎందుకంటే అవతలివాళ్ళకు కనపడాలి కదా!

కళ్ళు తెరిచి అటు చూసింది. ఇన్నాళ్ళూ తను పడ్డ మంట అవతలి మొహంలో చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. మాబున్ని ప్లేట్లు కడుగుతోంది. అసలు ఇటు చూడనే లేదు.

"రా మామా, కూర్చో మామా! బోణీ నీదే మామా!" అని జానీబీ రోడ్డు అదిరేలా అరిచింది. "ఏమ్మే, నాకు చెవుడు లేదు" అన్నాడు తిరుపాల్. ఆమె వినలేదు. ఆకు పరిచి, ఉగ్గాని పెట్టి, బజ్జీలు రెండు కాదు, నాలుగు పెట్టింది.

అప్పుడు మాబున్ని తలెత్తింది. ఇటు చూసింది. మోపెడ్‌ను చూసింది, మామను చూసింది, మామ ముందున్న ప్లేటును చూసింది. జానీబీ ఆ మొహం వాడిపోవడం కోసం కాచుకుంది. మాబున్ని తడి చేతులు కొంగుకు తుడుచుకుని రోడ్డు అంచుకు వచ్చింది.

"అక్కా! మామకు బజ్జీల్లో ఉప్పు తగ్గించు! బీపీ ఉండాది మామకు! నేను పిండి వేరేగా కలిపేదాన్ని!"

"నాకు తెల్సులే!" అని అరిచింది జానీబీ.

ఆమెకు తెలియదు. అన్నేళ్ళు అతని చేతి బోణీ తీసుకుంది, అన్నేళ్ళు "ఇంకో రెండు వెయ్యనా మామా" అని అడిగింది, అది తప్ప ఇంకేమీ అడగలేదు. మాబున్ని అప్పటికే వెనక్కి తిరిగి, ఎవరి గిన్నెనో అందుకుని, ఏదో అని నవ్వుతోంది.

"ఎప్పటి నుంచి మామా?" అని జానీబీ మెల్లగా అడిగింది.

"ఏంది?"

"బీపీ."

"శానా ఏండ్లయింది లేమ్మే. దానికేం గానీ, వేడి మీద ఉండాయి, తిననీ" అని అతను బజ్జీ మీదికి చెయ్యి చాపాడు.

జానీబీ ఆ ప్లేటును అతని చేతి కిందనుంచి వెనక్కి లాక్కుంది. "ఆగు మామా, వేరే వేస్తా" అంది. చిన్న గిన్నె తీసుకుని అందులో శనగపిండి పోసి, ఉప్పు వేయకుండా కలపసాగింది. కలుపుతున్నంతసేపూ తల పైకెత్తలేదు.